ఇక పడేది లేదు

చిన్నప్పుడు మా అమ్మ చర్చి క్వయర్‌లో పాడేది, డిసెంబర్ వచ్చిందంటే ఇంట్లో పొయ్యి దగ్గర కూడా "ఓ సద్భక్తులారా" అనే క్రిస్మస్ పాటే (ఇంగ్లీషులో 'ఓ కమ్ ఆల్ యీ ఫెయిత్‌ఫుల్'), అందుకే ఆ ట్యూన్ నాకు ఎప్పుడు నేర్చుకున్నానో కూడా గుర్తు లేనంత లోపలికి పోయింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక రాత్రి పక్క రూమ్ వాడు ఫోన్లో ఒక హెవీ మెటల్ రాక్ పాట పెట్టాడు, ముందు డ్రమ్స్ ఒక్కటే, తర్వాత ఒకేసారి అందరూ కలిసి అరుస్తున్నట్టు కోరస్, నాకు అర్థం కాలేదు గానీ ఇదేదో నాకు తెలిసిన పాటే కదా అనిపించింది. ఎక్కడ విన్నానా అని రెండ్రోజులు ఆలోచించా. మూడో రోజు స్నానం చేస్తూ ఆ కోరస్ కూనిరాగం తీస్తుంటే నోట్లోంచి "ఓ సద్భక్తులారా" వచ్చేసింది, అప్పుడు తెలిసింది.

పాట పేరు 'వియ్ ఆర్ నాట్ గొన్నా టేక్ ఇట్'. మన మాటల్లో చెప్పాలంటే "ఇక పడేది లేదు". ట్విస్టెడ్ సిస్టర్ అనే న్యూయార్క్ బ్యాండ్ 1984లో వదిలింది, రాసింది పాడింది డీ స్నైడర్. ఆ పోలిక నా భ్రమ కాదు, ఆయనే చెప్పాడు, చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో పాడేవాణ్ణి, ఆ క్రిస్మస్ పాట మొదటి స్వరాలే నా కోరస్‌లోకి వచ్చాయి, నాకు తెలియకుండానే వచ్చాయి అని. ఇంగ్లండ్ బ్యాండ్ స్లేడ్ ప్రభావం కూడా ఉందంటాడు. 2006లో అయితే బ్యాండంతా కలిసి క్రిస్మస్ ఆల్బమే చేసి, ఆ పాటని ఈ పాట వాయించినట్టే వాయించారు.

స్నైడర్ ఆ బ్యాండ్‌లో చేరింది 1976లో. మొదటి ఆల్బమ్ 1982లో. మధ్యలో ఆరేళ్ళు ఏం చేశారంటే న్యూయార్క్, న్యూజెర్సీ చుట్టుపక్కల బార్లలో, క్లబ్బుల్లో రాత్రి తర్వాత రాత్రి వాయించారు, జనం నిండిపోయేవాళ్ళు, రికార్డ్ కంపెనీలు మాత్రం వద్దన్నాయి. మొహానికి రంగులు, ఆడవాళ్ళ బట్టల్లాంటి కాస్ట్యూములు (అవి ఆయన భార్య సుజెట్ కుట్టినవి), ఇంత పొడుగు పసుపుపచ్చ జుట్టు, చూసినవాళ్ళకి వీళ్ళు పనికొచ్చే రకం కాదనిపించి ఉంటుంది. చివరికి ఆ మొదటి ఆల్బమ్ కూడా వేసింది బ్రిటన్‌లోని ఒక చిన్న కంపెనీ, సొంత దేశం కాదు. అందుకే ఆ కోరస్ వింటే నాకు కోపం కన్నా ముందు ఆ ఆరేళ్ళ అలసట వినిపిస్తుంది, ఎవరో పిల్లాడు నాన్న మీద అలిగి అరిచినట్టు కాదు.

వీడియోలో మాత్రం నాన్నే. గదిలో గిటార్ పట్టుకున్న కొడుకు మీద ఒక తండ్రి అరిచి అరిచి గొంతు చించుకుంటాడు, తర్వాత గోడల్లోంచి కిటికీల్లోంచి ఎగిరి పడుతుంటాడు, కార్టూన్ లాగ. ఎంటీవీలో మోగిపోయింది, అమెరికా చార్టులో 21వ స్థానం దాకా వెళ్ళింది.

అప్పుడొచ్చింది అసలు గొడవ. 1985లో వాషింగ్టన్‌లో పెద్ద నాయకుల భార్యలు కొందరు, సెనేటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్ కూడా వాళ్ళలో ఉంది, పిల్లల్ని పాడుచేస్తున్న పాటలని పదిహేను పాటల లిస్టు పెట్టారు. ఈ పాట కూడా అందులో ఉంది, హింస అనే ముద్రతో! సెప్టెంబర్ 19న సెనేట్ కమిటీ విచారణ. రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా, గాయకుడు జాన్ డెన్వర్, స్నైడర్ ముగ్గురూ వచ్చి మాట్లాడారు. స్నైడర్ జీన్స్‌లో, చేతుల్లేని డెనిమ్ జాకెట్‌లో వచ్చి, వెనక జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాడు. నాకు పెళ్ళయింది, మూడేళ్ళ కొడుకున్నాడు, నేను క్రిస్టియన్‌గా పుట్టి పెరిగాను, ఇప్పటికీ ఆ విలువలతోనే ఉన్నాను, సిగరెట్ తాగను, మందు తాగను, డ్రగ్స్ ముట్టను అని మొదలుపెట్టి ఒక్కో ఆరోపణా పట్టుకుని జవాబిచ్చాడు. ఈ పాట మాటల్లో హింస ఎక్కడుందో చూపించండి అన్నాడు. 'అండర్ ది బ్లేడ్' అనే ఇంకో పాటని బూతుగా చదివారు కదా, అది మా గిటారిస్ట్ ఎడీ ఒహీడా గొంతు ఆపరేషన్‌కి ముందు పడ్డ భయం గురించి అన్నాడు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వేషం చూసి ఏమీ తెలియనివాడు అనుకున్న మనిషి, గొంతు పెంచకుండా, వాళ్ళ కళ్ళల్లోకి చూస్తూ. అరిచి పాడిన ఆ పాటని ఆయన అంతకన్నా బాగా పాడింది ఆ కుర్చీలోనే అని నా నమ్మకం. కానీ స్టిక్కర్ మాత్రం వచ్చేసింది, తల్లిదండ్రులకి హెచ్చరిక అని ఆల్బమ్ అట్టల మీద.

తర్వాత ఆయన కిందికే పోయాడు. తర్వాతి ఆల్బమ్ అంతగా ఆడలేదు, 1987లో బ్యాండ్ వదిలేశాడు, తొంభైల్లో దివాళా తీసి ఒక ఆఫీసులో ఫోన్లెత్తే పని చేశాడు. ఆ తర్వాత రేడియో షో, సినిమా, బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం), 2000 తర్వాత మళ్ళీ బ్యాండ్ కలవడం. 2015లో డ్రమ్మర్ ఏ.జే. పెరో చనిపోయాడు, పాట మొదట్లో మనకి వినిపించే ఆ దెబ్బలు ఆయనవే, మరుసటి ఏడాది వీడ్కోలు టూర్ చేసి ఆపేశారు.

పాటలో 'ఇట్' అంటే ఏంటో ఎక్కడా చెప్పలేదు, దాంతో ఎవరి 'ఇట్' వాళ్ళు తెచ్చుకున్నారు. 2018లో ఓక్లహోమా టీచర్లు సమ్మెలో పాడారు. కరోనా టైమ్‌లో మాస్కు వద్దన్నవాళ్ళు పాడితే స్నైడర్ ఊరుకోలేదు, 2022లో ఉక్రెయిన్ వాళ్ళు పాడితే మనస్ఫూర్తిగా పాడుకోండి అన్నాడు. ఆస్ట్రేలియాలో క్లైవ్ పామర్ అనే గనుల వ్యాపారి, రాజకీయ నాయకుడు, ఎన్నికల ప్రకటనలకి మాటలు మార్చి వాడుకుంటే కేసు కోర్టుకెళ్ళింది, స్నైడర్ సాక్ష్యం చెప్పాడు, 2021లో 15 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. అందరిదీ అయిన పాటకి ఒక మనిషి ఇంకా కాపలా ఉండటం నాకు చాలా నచ్చుతుంది.

పోయిన క్రిస్మస్‌కి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి ఆ 2006 రికార్డింగ్ వినిపించా. గిటార్లకి మొదట మొహం చిట్లించింది. తర్వాత రెండో చరణం దగ్గర, పప్పు గుత్తి పక్కన పెట్టి, తెలుగులో అందుకుంది.