'గెట్'ని టర్కిష్‌లో ఏమంటారు? ముందు తెలుగులో ఏమంటామో చూడండి

ఫోన్ కొన్నా గెట్, కబురందినా గెట్, బస్సెక్కినా గెట్, దిగినా గెట్. జలుబు చేసినా, అలసిపోయినా, పెళ్లయినా, విడాకులైనా ఇంగ్లిష్ వాళ్లకు అదొక్కటే మాట. టర్కిష్ నేర్చుకునేవాళ్లు ఇంగ్లిష్-టర్కిష్ నిఘంటువు తెరిచి ఆ మాట దగ్గర వెతికితే మొదట కనిపించేది 'అల్మక్' (తీసుకోవడం), తర్వాత 'ఒల్మక్' (అవడం). ఈ రెండిటితోనే బండి లాగిద్దామనుకుంటే అక్కడివాళ్లకు సగం అర్థమవుతుంది, మిగతా సగం వింతగా వినిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వీలుంది. మన భాషలోనూ 'గెట్' లాంటి మాట లేదు. ఎక్కడానికో క్రియ, దిగడానికో క్రియ, చల్లారడానికో క్రియ. టర్కిష్ కూడా అంతే. వాక్యంలో క్రియ చివరికి రావడం, మాటకు వెనకాల ప్రత్యయాలు వరసగా అతుక్కోవడం కూడా మనలాగే. కాబట్టి ఇంగ్లిష్ వాక్యాన్ని ముందు మామూలు తెలుగులోకి తెచ్చుకుని, ఆ తెలుగు క్రియకు టర్కిష్ క్రియ వెతుక్కుంటే చాలావరకు సరైన చోటికే చేరతారు. తప్పేది క్రియ దగ్గర కాదు, విభక్తి దగ్గర.

ముందు లిపి సంగతి. 1928 నవంబరు 1న చేసిన చట్టంతో టర్కిష్ లాటిన్ లిపికి మారింది. 29 అక్షరాలు, అందులో 8 అచ్చులు. వాటిలో మూడింటికి తెలుగులో అక్షరాలు లేవు. పెదవులు గుండ్రంగా చుట్టి 'ఇ' అంటే వచ్చేది ఒకటి, దాన్ని ఇక్కడ 'యు' అని రాస్తున్నాను. అలాగే చుట్టి 'ఎ' అంటే వచ్చేదాన్ని 'యొ' అని రాస్తున్నాను. పెదవులు చుట్టకుండా 'ఉ' పలికితే వచ్చేది చుక్కలేని ఐ, దానికి 'ఉ' అనే రాస్తున్నాను. త, ద మాత్రం హాయిగా మన త, ద లే. ఇంగ్లిష్ అలవాటులో ట, డ పలకొద్దు.

ఇక అల్మక్. ఇది మన 'తీసుకొను'. కొత్త ఫోన్ కొన్నప్పుడు మనం 'ఫోన్ తీసుకున్నాను' అంటాం. వాళ్లూ 'యెని తెలెఫొన్ అల్దుమ్' అంటారు. ఆఫీసులో సెలవు తీసుకున్నా, ఇంట్లో అనుమతి తీసుకున్నా 'ఇజిన్ అల్దుమ్'. టికెట్, మార్కులు, పగ అన్నీ అల్మక్ కిందికే వస్తాయి. ఒళ్లు వస్తే 'కిలో అల్మక్', తగ్గితే 'కిలో వెర్మెక్', అంటే కిలోలు ఇవ్వడం. అందుకే ఒట్టిగా 'యుచ్ కిలో అల్దుమ్' అంటే మూడు కిలోలు కొన్నట్టా, పెరిగినట్టా అన్నది సందర్భాన్ని బట్టే తెలుస్తుంది.

అందడం, రావడం విషయంలో అల్మక్ తప్పనిసరి కాదు. 'నాకు మెసేజ్ వచ్చింది' అన్న మన వాక్యం మాటకు మాట నడుస్తుంది: 'బన మెసజ్ గెల్ది'. జవాబు 'జెవప్', కబురు 'హబెర్'. అరబ్బీ నుంచి అటూ ఇటూ వెళ్లిన మాటలే ఇవి. ఫుర్సత్ కూడా అంతే, కాకపోతే మన తెలంగాణలో అది తీరిక, అక్కడ అవకాశం. 'ఫుర్సత్ బుల్మక్' అంటే అవకాశం దొరకడం.

'నీళ్లు తెచ్చిపెట్టు' అన్న అర్థంలో వచ్చే గెట్‌కి టర్కిష్ మాట 'గెతిర్'. చెవికి గెట్‌లా తగిలినా దానికీ దీనికీ చుట్టరికం లేదు. 'గెల్' అంటే రా. దాని పాత ప్రేరణార్థకమే అరిగిపోయి గెతిర్ అయింది. తీసుకురాకి గెతిర్, తీసుకెళ్లుకి 'గ్యొత్యుర్'.

అసలు కష్టమంతా ఎక్కడం దిగడంలో ఉంది. మనం 'బస్సెక్కాను, బస్సు దిగాను' అంటాం. బస్సుకి ఏ విభక్తీ ఉండదు. టర్కిష్‌లో బస్సుకి ఎక్కాలి, బస్సు నుంచి దిగాలి: 'ఒతొబ్యుసె బిందిమ్', 'ఒతొబ్యుస్తెన్ ఇందిమ్'. ప్రత్యయం వదిలేసినా, దాని బదులు 'ని' అర్థమిచ్చేది తగిలించినా తప్పే. ఆ చివరి అచ్చు ఎలా మారుతుందో ఒకసారి చూసుకుంటే చాలు. మాటలోని చివరి అచ్చు ఎ, ఇ, యొ, యు అయితే 'కి' అర్థానికి -ఎ, మిగతా వాటికి -అ. 'ఎవ్' ఇల్లు, ఇంటికి 'ఎవె'. 'ఒకుల్' బడి, బడికి 'ఒకుల'. మాట అచ్చుతో ముగిస్తే మధ్యలో య వస్తుంది: 'అంకరయ', అంకారాకు. 'నుంచి'కి -దెన్ లేదా -దన్. మాట చివర ప, త, క, చ, స, ష, ఫ, హ లలో ఏదైనా ఉంటే ఆ ద కాస్తా త అవుతుంది. అందుకే ఇంటి నుంచి 'ఎవ్‌దెన్' అయితే విమానం నుంచి 'ఉచక్తన్'. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం మారడం మనకు కొత్తేమీ కాదు. పిల్లికి, అమ్మకు అని రాయడం అదే కదా.

ఇంకో తేడా. మన 'ఎక్కు' బస్సుకీ, మెట్లకీ, కొండకీ సరిపోతుంది. బిన్‌మెక్ మాత్రం వాహనాలకీ, గుర్రానికీ, సైకిల్‌కీ పరిమితం. మెట్లు, కొండ అయితే 'చుక్మక్'. కారులో కూర్చోవడం కూడా బిన్‌మెక్కే. ఇంగ్లిష్‌లో కారు 'లోపలికి' గెట్ అవుతారు కదా అని 'గిర్మెక్' వాడితే ఏదో గదిలో దూరినట్టుంటుంది. దిగడంలో ఈ బాధ లేదు. ఇన్‌మెక్ బస్సుకీ మెట్లకీ కూడా నడుస్తుంది, మన 'దిగు' లాగే. దొల్ముష్ అనే షేర్ వ్యానుల్లో దిగాల్సిన చోటు వస్తే 'ఇనెజెక్ వర్!' అని కేకేస్తారు. దిగేవాళ్లున్నారు అని దాని అర్థం. మన బస్సుల్లో కండక్టర్ అరిచే మాట అక్కడ ప్రయాణికుడు అరుస్తాడు, అంతే తేడా.

ఇంట్లోంచి బయటపడితే 'ఎవ్‌దెన్ చుక్మక్', ఊరు చేరితే 'వర్మక్', దానికి -ఎ/-అ. వీటిలో పెద్ద పేచీ లేదు.

అలసిపోవడం, ఆకలేయడం, చలేయడం దగ్గర ఇంగ్లిష్ మరీ దారి తప్పిస్తుంది. 'గెట్ టైర్డ్' చూసి 'యొర్గున్ ఒల్దుమ్' అంటే వ్యాకరణం తప్పనలేం, కానీ పరాయివాళ్ల మాటలా ఉంటుంది. వాళ్లనేది 'యొరుల్దుమ్'. ఆకలికి 'అజుక్తుమ్', దాహానికి 'సుసదుమ్'. ఇవన్నీ భూతకాల రూపాలు, చెప్పేది మాత్రం ఇప్పటి స్థితి. మనం 'అలసిపోయాను' అంటూ ఇప్పటి అలసటే చెప్పడం లాంటిదే. ఆకలేస్తోంది, దాహమేస్తోంది అనే వర్తమానానికి అలవాటు పడి 'అజుకుయొరుమ్' అనేస్తుంటారు. అది ఇప్పుడు ఆకలిగా ఉందని చెప్పినట్టు కాదు, ఆకలి మొదలవుతోందనో, నాకు ఆకలవుతుంటుంది అని అలవాటు చెప్పినట్టో వినిపిస్తుంది.

చలి సంగతి చూడండి. ఇంగ్లిష్‌లో మనిషికి చలేసినా, చారు చల్లారినా, జలుబు చేసినా గెట్ పక్కన కోల్డే. మనకు మూడు వేరు వేరు మాటలు, వాళ్లకూ మూడు. చలేస్తోంది: 'యుష్యుద్యుమ్'. చారు చల్లారింది: 'చొర్బ సొవుదు'. జలుబు చేసింది: 'నెజ్‌లె ఒల్దుమ్', లేదా చలిగాలి తగిలి జబ్బు చేసిందన్న ఉద్దేశంలో 'యుష్యుత్‌త్యుమ్'. నాకు చలిగా ఉందని చెప్పబోయి చల్లదనానికున్న విశేషణాన్ని 'నేను'కి తగిలిస్తే మీ స్వభావమే ముభావం అని చెప్పుకున్నట్టు అవుతుంది.

విశేషణం నుంచి క్రియ పుట్టించడానికి -లన్, -లష్ లాంటి ప్రత్యయాలున్నాయి. 'హస్త' జబ్బుగా ఉన్న మనిషి, 'హస్తలన్‌మక్' జబ్బు పడడం. 'ఇయి' బాగు, 'ఇయిలెష్‌మెక్' బాగుపడడం. రంగుల దారి వేరు: 'కరర్మక్' నల్లబడడం, 'సరర్మక్' పసుపు రంగుకు మారడం, 'కుజర్మక్' ఎర్రబడడం. బంగాళదుంపలు ఎర్రగా వేగినా కుజర్మక్కే. జబ్బు పడినవాళ్లతో అనే 'గెట్ వెల్ సూన్'కి మాత్రం ఈ క్రియలేవీ అక్కర్లేదు. 'గెచ్‌మిష్ ఒల్సున్' అంటారు, గడిచిపోవాలి అని. పనిలో ఇబ్బంది వచ్చినా, చిన్న ప్రమాదం జరిగినా ఇదే మాట.

పెళ్లికి 'ఎవ్‌లెన్‌మెక్'. అందులో ఉన్నది ఎవ్, ఇల్లే. మనవాళ్లు 'ఒక ఇంటివాడయ్యాడు' అంటారే, సరిగ్గా అదే ఊహ. కానీ 'ఆయ్‌షెని పెళ్లి చేసుకున్నాడు' అన్న మన 'ని' అక్కడ కుదరదు. 'ఆయ్‌షెతో పెళ్లయింది' అని మార్చుకుని చెప్పండి: 'ఆయ్‌షెయ్‌లె ఎవ్‌లెంది'. విడాకులు మాత్రం 'నుంచి'. కోపం 'మీద' కాదు, 'కి': 'సన కుజ్దుమ్', నీ మీద కోపమొచ్చింది. అలవాటు పడడం మనలాగే 'కి': 'బున అలుష్తుమ్'. వానలో చిక్కుకుంటే వానకు పట్టుబడ్డట్టు: 'యాముర యకలందుక్'.

ఇవి బట్టీ పట్టే దారి ఒకటుంది. ఒట్టి క్రియ రాసుకోకండి. ముందు 'బిరినె' (ఒకరికి), 'బిరిందెన్' (ఒకరి నుంచి), 'బిరిని' (ఒకరిని), 'బిరియ్‌లె' (ఒకరితో) లలో తగినది తగిలించి రాయండి: బిరినె కుజ్‌మక్, బిరియ్‌లె ఎవ్‌లెన్‌మెక్. టర్కిష్ భాషా సంస్థ అయిన తుర్క్ దిల్ కురుము నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం. క్రియ పక్కన -ఎ, -ఇ, -దెన్, -లె అని చిన్న గుర్తులుంటాయి, అవి అది కోరే విభక్తులు. ఎన్-ఎస్-జెడ్ అని మూడక్షరాలు కనిపిస్తే కర్మ అక్కర్లేదని అర్థం. చాలామంది అర్థం చదివి ఈ గుర్తులు చూడకుండా దాటిపోతారు.

పని ఇంకొకరితో చేయించుకునే గెట్ ఉంది కదా, అది తెలుగువాళ్లకు నల్లేరు మీద నడక. మన -ఇంచుకి వాళ్ల -దిర్, -త్. కడుగు, కడిగించు: 'యుకమక్', 'యుకత్‌మక్'. కారు కడిగించాను: 'అరబయు యుకత్తుమ్'. పన్ను పీకించుకున్నాను: 'దిషిమి చెక్తిర్దిమ్'. జుట్టు కత్తిరించుకున్నాను అని మనం మంగలి దగ్గరికి వెళ్లొచ్చినా అంటాం, మనమే కత్తెర పట్టినా అంటాం. అక్కడ అలా కలపకూడదు. 'సచుము కెస్తిమ్' అంటే స్వయంగా కత్తిరించుకున్నట్టు, షాపులో అయితే 'సచుము కెస్తిర్దిమ్'. జుట్టు మాట లేకుండా 'బిరజ్ కెస్తిర్దిమ్' అంటే కాసేపు కునుకు తీశానని.

చేసిపెట్టినవాడికి మనం 'చేత' అనో 'తో' అనో తగిలిస్తాం. మెకానిక్‌తో బాగు చేయించాను అంటాం. టర్కిష్‌లో మెకానిక్‌కి బాగు చేయించాలి: 'అరబయు ఉస్తయ తామిర్ ఎత్తిర్దిమ్'. 'తో' వాడి, ప్రేరణ ప్రత్యయం కూడా మరిచిపోతే మీరూ మెకానిక్కూ కలిసి స్పానర్లు పట్టినట్టే.

మన -కొనుకి దగ్గరగా వాళ్లకు -న్ ఉంది. తొడుక్కో, తొడుగు లాగా 'గియిన్‌మెక్' బట్టలు వేసుకోవడం, 'గియ్‌దిర్‌మెక్' ఇంకొకరికి వేయడం. తయారవడానికి 'హజుర్లన్‌మక్', మన హాజరుకు బంధువైన హజుర్ నుంచి వచ్చింది. కానీ -కొను ఉన్న ప్రతిచోటా -న్ పెట్టకండి. చేతులు కడుక్కున్నాను అంటే 'ఎల్లెరిమి యుకదుమ్', నా చేతుల్ని కడిగాను అనే. 'యుకందుమ్' అంటే స్నానం చేశానని.

'హ్యావ్ గాట్' అయితే క్రియే లేదు, 'వర్' ఉంది, లేదనడానికి 'యొక్'. మన ఉంది, లేదు. నాకు కారుంది అనడానికి 'బన' వాడితే చెడుతుంది. వాళ్లది 'నా కారు ఉంది' అనే పద్ధతి: 'అరబమ్ వర్'. నా దగ్గర అన్న అర్థానికి మాత్రం 'బెందె' ఉంది. జేబులో డబ్బు లేకపోతే 'బెందె పర యొక్'. అర్థమైంది అన్నప్పుడూ ఈ 'నాకు' అడ్డొస్తుంది. టర్కిష్‌లో అర్థం చేసుకునేది నేను: 'అన్లదుమ్'. బెల్లు మోగితే 'తలుపుకి చూస్తావా' అంటారు, 'కపుయ బకర్ ముసున్?' పెద్దవాళ్లనైతే 'ముసునుజ్'.

లేదు, లేకపోయాను అనే తేడా ఒక్క అచ్చులో ఉంది. 'అల్మదుమ్' తీసుకోలేదు, 'అలమదుమ్' తీసుకోలేకపోయాను. మొదటిదానిలో ఒత్తు 'అల్' మీద, రెండోదానిలో 'ల' మీద పడుతుంది. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ ల లోని అచ్చు మింగేస్తే, టికెట్లు దొరకలేదని చెప్పబోయి కొననేలేదని చెప్పినట్టు అవుతుంది.