సభ ఎరగని పగ

చిత్తూరు జిల్లాలో భారతం ఉత్సవం జరిగే ఊళ్లలో చివరి రోజు ఉదయం దుర్యోధన వధ ఉంటుంది. ద్రౌపదమ్మ గుడి ముందరి మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. బొమ్మ ఎంత పెద్దదంటే, భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ దాని మీదికెక్కి ఒకరినొకరు తరుముకుంటారు. తొడ దగ్గర ముందే దాచి ఉంచిన ఎర్రనీళ్ల కుండ గద దెబ్బకు పగలగానే, ఆ నీళ్లు తీసి ద్రౌపది జుట్టుకు పూసి కొప్పు ముడుస్తారు. మా అమ్మ పుట్టిన ఊళ్లో చిన్నప్పుడు నేను చూసిన దృశ్యం ఇది. ఆ జనంలో ‘భీముడు ఇన్నేళ్లు ఎందుకు ఆగాడు’ అని అడిగినవాళ్లు ఒక్కరు కూడా నాకు గుర్తు లేరు.

తర్వాత తిరుపతిలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివే రోజుల్లో, షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మీద మేము తప్పనిసరిగా బట్టీ పట్టిన ప్రశ్న సరిగ్గా అదే. తండ్రిని చంపినవాడెవడో తెలిసి కూడా డెన్మార్క్ యువరాజు హామ్లెట్ ఎందుకు ఆలస్యం చేశాడు? నోట్సులో జవాబు సిద్ధంగా ఉండేది. అతడు ఆలోచనాపరుడు, ఆచరణ చేతకానివాడు, అందువల్ల వాయిదా వేశాడు. మేమూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాము. కానీ తెర వెనక ఎవరున్నారో కూడా చూడకుండా కత్తి దూసి మంత్రి పొలోనియస్‌ను పొడిచినవాడిని, తన చావుకు రాసిన ఉత్తరాన్ని మార్చి ఇద్దరు చిన్ననాటి స్నేహితులను చావుకు పంపినవాడిని ఆచరణ చేతకానివాడని ఎలా అనగలమో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

ఒక వేసవి సెలవుల్లో ఈ కథను మా అవ్వకు చెప్పాను. చచ్చిపోయిన రాజు దెయ్యమై వచ్చి, తోటలో నిద్రపోతుండగా తమ్ముడు క్లాడియసే తన చెవిలో విషం పోశాడని కొడుక్కు చెప్పడం దాకా వచ్చేసరికి అవ్వ అడ్డం పడింది. “ఆ దెయ్యం చెప్పిన మాట ఇంకెవురన్నా ఇన్నారా నాయనా?” అని అడిగింది. వినలేదన్నాను. “మరి ఊరోళ్లు యట్ల నమ్మతారు?” అంది. నా నోట్సులో ఎక్కడా లేని ప్రశ్న అది. దాని వెలుగులో నాటకం మళ్లీ చదివితే నాకు వేరే కథ కనిపించింది.

భీముడి ప్రతిజ్ఞ నిండు సభలో జరిగింది. ద్రౌపదికి జరిగిన అవమానాన్ని భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, గుడ్డివాడైన ధృతరాష్ట్రుడితో సహా సభంతా ఎరుగును. తొడ విరగ్గొడతానన్న మాట ఆ తొడ గలవాడే విన్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం అన్న గడువు కూడా అందరి ఎదుటా కుదిరినదే. కాబట్టి ఆ పగకు తొందర లేదు. చివరకు నాభి కింద కొట్టి యుద్ధధర్మం తప్పినప్పుడు బలరాముడు మండిపడ్డాడే తప్ప, భీముడికి పగ తీర్చుకునే కారణమే లేదని ఎవరూ అనలేదు. హామ్లెట్ చేతిలో ఇందులో ఒక్కటీ లేదు. రాజు పాము కరిచి చనిపోయాడని డెన్మార్క్ మొత్తం నమ్ముతోంది. దెయ్యాన్ని కాపలావాళ్లూ హామ్లెట్ స్నేహితుడు హొరేషియో చూశారు గాని, అది హత్య సంగతి చెప్పింది కొడుకు ఒక్కడికే. తర్వాత తల్లి గదిలో మళ్లీ కనిపించినప్పుడు గెర్‌ట్రూడ్‌కు అది కనబడనే కనబడదు, శూన్యంతో మాట్లాడుతున్న కొడుక్కు పిచ్చి పట్టిందని ఆమె బెంబేలెత్తిపోతుంది. తనను తాను నమ్ముకోవడానికే హామ్లెట్‌కు దారి లేదు. ఆ రూపంలో వచ్చింది తనను పాపంలోకి దించే సైతానేమో అని అతడు అనుమానించడం నాకు నెపంగా తోచదు.

నాటకంలో నాటకం ఆడించే ఘట్టాన్ని ఈ కోణంలో చూడాలి. రాజు తోటలో నిద్రపోవడం, చెవిలో విషం పోయడం, అన్నీ, అన్న భార్యను పెళ్లాడి రాజైన క్లాడియస్ చేసినట్టే రంగస్థలం మీద నడుస్తాయి. క్లాడియస్ ముఖం చూస్తూ ఉండమని హామ్లెట్ హొరేషియోను ముందే కూర్చోబెట్టాడు, అంటే ఒక సాక్షిని సంపాదించుకున్నాడు. అయితే విషం పోసే పాత్ర వచ్చినప్పుడు హామ్లెట్ దాన్ని ఎలా పరిచయం చేస్తాడో గమనించండి. రాజు తమ్ముడు అనడు, రాజుకు అన్నదమ్ముల కొడుకు అంటాడు. హామ్లెట్ క్లాడియస్‌కు సరిగ్గా అదే వరస. జరిగిన నేరం తెలిసిన ఇద్దరు ముగ్గురికి అది పాత హత్య. తెలియని సభకు మాత్రం యువరాజు తన పినతండ్రిని చంపుతానని బాహాటంగా బెదిరించడమే. క్లాడియస్ దీపాలు తెమ్మని అరుస్తూ లేచి వెళ్లిపోతే సభ రాజునే జాలిగా చూసి ఉంటుంది. హామ్లెట్‌కు రుజువు దొరికింది గాని, ఆ రుజువు సభలో చెల్లదు.

క్లాడియస్ నేరం ఒప్పుకునేది ఆ తర్వాతే, అదీ ఒంటరిగా మోకరిల్లి. ఈ పాత్ర మీద నాకు కాస్త పక్షపాతం ఉంది. కిరీటం, అధికార కాంక్ష, రాణి, ఏ మూడింటి కోసం అన్నను చంపాడో ఆ మూడూ ఇంకా తన దగ్గరే ఉండగా క్షమాపణ ఎలా అడగగలనని తనను తాను నిలదీసుకునే హంతకుడు మన పౌరాణిక నాటకాల్లో నాకు తగల్లేదు. ఆ మాటలు మనం వింటాము, వెనక కత్తి పట్టుకుని నిలబడినవాడు వినడు. ప్రార్థనలో చంపితే వాడు స్వర్గానికి పోతాడని లెక్క వేసి వెళ్లిపోతాడు. ప్రార్థన నిజంగా పలకలేదని క్లాడియస్ చెప్పుకునే మాటలు అతడి వీపు వెనక వినిపిస్తాయి. సాక్ష్యం అతడికి ఇంత దగ్గరగా మరెప్పుడూ రాలేదు.

పక్కనే లేర్టీస్ ఉన్నాడు. తండ్రి పొలోనియస్ చనిపోయాడని తెలియగానే గుంపును వెంటేసుకుని కోటలోకి దూసుకొస్తాడు. హంతకుడిని చర్చిలోనైనా సరే గొంతు కోస్తానంటాడు. అతడికి రుజువు అక్కరలేదు, రాజు చెప్పిన మాట చాలు. అందుకే రాజు చేతిలో ఆయుధమవుతాడు. నాకు ఇతడిని చూస్తే అశ్వత్థామ గుర్తుకొస్తాడు. అతడిదీ తండ్రి కోసం పట్టిన పగే. అబద్ధం చెప్పి ద్రోణుడి చేత అస్త్రం వదిలించారన్న అతడి బాధ అన్యాయమైనదేమీ కాదు. అయినా నిద్రపోతున్న ఉపపాండవులను చీకట్లో నరికిన తర్వాత ఆ బాధ ఎవరి చెవికీ ఎక్కలేదు. లేర్టీస్ కత్తికి పూసిన విషం కూడా అలాంటి చీకటి పనే.

చివరి దృశ్యంలో హామ్లెట్, లేర్టీస్ కత్తిపోటీ జరుగుతుండగా గెర్‌ట్రూడ్ విషపు గిన్నె తాగి, పానీయంలో విషముందని అరిచి అందరి ఎదుటా పడిపోతుంది. విషపు కత్తి తనకే తగిలిన లేర్టీస్ తప్పంతా రాజుదేనని బయటపెడతాడు. అప్పటిదాకా చంపలేనివాడు ఆ క్షణంలో చంపుతాడు. నాటకం మొత్తంలో మొదటిసారి సభ ఒక నేరాన్ని కళ్లారా చూసింది, ఒక మనిషి నోట విన్నది. క్లాడియస్ చేత మిగిలిన విషం తాగిస్తూ హామ్లెట్ ‘నా తల్లి వెంట పో’ అంటాడు. హంతకుడా అని తిడతాడు గాని తండ్రి పేరు ఎత్తడు. ఇన్ని అంకాలు మోసిన పగ తీరే చోట తండ్రి ప్రస్తావనే లేకపోవడం మొదటిసారి గమనించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. సభ చూసింది తల్లి చావునే, అతడు చెప్పగలిగిందీ దాన్నే.

అంతా విన్న తర్వాత కూడా, హామ్లెట్ రాజును పొడవగానే సభ ‘రాజద్రోహం’ అనే అరుస్తుంది. చావబోతున్నవాడికి ఆ కేక వినబడింది. అందుకే తనతోపాటు విషం తాగబోయిన హొరేషియో చేతిలోంచి గిన్నె లాక్కుని, కొన్నాళ్లు బతికి ఉండి తన సంగతి తెలియనివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పమని వేడుకుంటాడు. హొరేషియో చెప్పడానికి సిద్ధపడతాడు, అంతలో నాటకం అయిపోతుంది. తోటలో నిద్రపోతున్న మనిషి చెవిలో విషం పోసిన సంగతి ఆ వేదిక మీద ఆ సభకు ఎవరూ విడమర్చి చెప్పరు.