ఇంకా పూస దగ్గరే

పొద్దున మెషీన్‌లో బట్టలు వేసి, అవి అయ్యేలోపు నాలుగు పేజీలు చూద్దామని ‘నెవర్‌వేర్’ తీశాను. బట్టలు ఆరేసేసరికి సాయంత్రం నాలుగైంది.

నేను చదివేవన్నీ ఇంటి కథలు. మాటలు ఆగిపోయిన అక్కాచెల్లెళ్లు, ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేని తండ్రి, ఇలాంటివి. మాయలూ హంతకులూ ఉన్న పుస్తకం జోలికి పోను. చెల్లి “మూడు చాప్టర్లు చదువక్కా, నచ్చకపోతే ఇచ్చెయ్” అని పెట్టివెళ్లి నెలైంది.

1996లో బీబీసీ సీరియల్‌గానూ, నవలగానూ వచ్చిన కథ. లండన్‌లో రిచర్డ్ అనే మామూలు ఉద్యోగి, రోడ్డు పక్కన నెత్తురోడుతూ పడివున్న అమ్మాయిని ఇంటికి తీసుకెళ్తాడు. పెళ్లాడబోయే ఆవిడ వద్దంటున్నా వినడు. ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ అతన్ని గుర్తుపట్టరు. టాక్సీలు ఆగవు. అతను స్నానం చేస్తుండగానే ఏజెంటు ఎవరికో ఆ ఇల్లు అద్దెకి చూపిస్తుంటాడు. తొట్టిలో మనిషి ఉన్నట్టే వాళ్లకి తెలియదు.

అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంట్లోనే ఉంటూ ఎవరి కంటికీ ఆనని మనిషి నాకు కొత్త కాదు. నేను చదివే కథల్లో అలాంటివాళ్లు ఎంతమందో. ఇక్కడ అది అక్షరాలా జరిగిపోయింది, అంతే.

లండన్‌లో నైట్స్‌బ్రిడ్జ్ అని నిజంగానే ఒక పేట ఉంది. నవలలో, రిచర్డ్ చేరుకునే లండన్ కింది మరో లోకంలో, అది రాత్రి అనే వంతెన. ఎలుకలతో మాట్లాడే మనుషుల్లోని అనస్థీషియా అనే పిల్ల రిచర్డ్‌కి దారి చూపిస్తూ ఆ చీకట్లోకి వస్తుంది. వంతెన దాటాక చూస్తే ఆమె లేదు. ఆమె పూసలే మిగిలాయి. కథ మాత్రం ఆగకుండా ముందుకెళ్లిపోయింది! నాకు మింగుడుపడలేదు. ఆ పిల్ల కోసం ఎవరూ వెనక్కి వెళ్లరేంటని రెండు పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ చదివాను.

చాలా పేజీల తర్వాత, రైల్వే ప్లాట్‌ఫారం మీద, తనకి పిచ్చెక్కిందని రిచర్డ్ నమ్మేయబోయే క్షణంలో ఆమె పూస ఒకటి చేతికి తగులుతుంది. దాన్ని పట్టుకునే నిలబడతాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

రిచర్డ్ కాపాడిన అమ్మాయిని వెంటాడే హంతకులిద్దరి క్రూరత్వం ఇప్పటికీ నావల్ల కాదు, ఆ పేజీలు గబగబా దాటేశాను.

రాత్రి చెల్లికి ఫోన్ చేసి ఆ పిల్ల గురించే మాట్లాడాను.

“మృగం దాకా వచ్చావా?” అంది.

“లేదే, ఇంకా పూస దగ్గరే ఉన్నా.”