పాకాల రైల్లో అమ్మ బొంత

సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం, తిరుపతి స్టేషన్‌లో పాకాల మీదుగా వెళ్లే రైలెక్కాను. చేతిలో ఒక్కటే మూట. అందులో అమ్మ కుట్టిన బొంత.

అది చిరగడానికి కారణం నేనే. అక్కడక్కడా కుట్లు ఊడుతుంటే, గట్టిగా ఉంటుందని నైలాన్ దారంతో మళ్లీ కుట్టి వాషింగ్ మెషీన్‌లో వేశాను. బయటికి తీసేసరికి లోపలి పొరలు ఉండలు కట్టాయి. నేను కుట్టిన చోటల్లా గుడ్డ పొడుగునా తెగిపోయింది. అమ్మ ఇప్పుడు లేదు. బొంత పై పొర ఆమె ముదురాకుపచ్చ నేతచీర. పారెయ్యమన్నారు ఇంట్లో. నాకు మనసొప్పలేదు.

చంద్రగిరి దాటుతుంటే కోట ఉన్న కొండ మంచులో సగమే కనిపించింది. ఆ తర్వాత మామిడి తోటలు, అప్పుడప్పుడే పూత. పాకాలలో దిగి ఆటోలో పెద్దమ్మ వాళ్ల ఊరు చేరాను.

పెద్దమ్మ మూట విప్పి, చిరుగు వెంట వేలితో తడిమింది. "గుడ్డ కన్నా దారం గట్టిదైతే ఇంతేనమ్మా. లాగుడు పడినప్పుడు దారం తెగదు, గుడ్డ తెగుతుంది. దారం తెగితే మళ్లీ కుట్టుకుంటాం. గుడ్డ తెగితే ఏం చేస్తాం?" అంది. ఇన్నేళ్లుగా బొంత కప్పుకుంటున్నాను, ఈ ఒక్క మాట నాకు తెలియలేదు.

నైలాన్ దారాన్ని లాగనివ్వలేదు. నాలుగు కుట్లకోసారి కత్తెరతో తెంచి, ముక్కలు ముక్కలుగా తీయించింది. దానికే పూట గడిచింది. రాగి సంగటి, వేరుశనగ పచ్చడి తిన్నాక బొంతను నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. అతుకుకు నేను తెచ్చిన కొత్త గుడ్డ పక్కన పెట్టేసి పెదనాన్న పాత పంచె చించింది. కొత్త గుడ్డ మొదటి ఉతుకుకే ముడుచుకుని పాతదాన్ని లాగేస్తుందట. ఎడమ చేతి వేళ్లు బొంత కింద ఉంటాయి. సూది మొన వేలికి తగిలీ తగలగానే పైకి తిరుగుతుంది. ఒక్కో కుట్టు బియ్యపు గింజంత. దారం మామూలు నూలు దారం.

ఈ జిల్లా చేతిపని అంటే అందరూ శ్రీకాళహస్తి కలంకారీనే చెబుతారు. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దక్కవలసిందే. పాత గుడ్డలు పొరలుగా పేర్చి కుట్టే బెంగాల్ కాంథాను, కర్ణాటక కౌదిని కూడా ప్రదర్శనల్లో మురిపెంగా కొనుక్కుంటాం. మన ఇంటి బొంతను మాత్రం పాత గుడ్డల మూట అంటాం. నాకు ఆ మాట కష్టంగా ఉంటుంది.

ఉతకడం మర్నాడు. ముందు తడిపిన తెల్లగుడ్డను ఒక్కో రంగు మీదా అదిమి చూసింది. రంగు అంటితే నీళ్లలో ముంచకూడదట. అంటలేదు. కుంకుడుకాయ రసంలో పావుగంట నానబెట్టి, అరచేతులతో అదమడమే తప్ప పిండలేదు, బండకేసి బాదలేదు. తీసేటప్పుడు కింద దుప్పటి వేసి ఇద్దరం ఎత్తాం. తడిసిన బొంత బరువంతా కుట్ల మీద పడుతుంది, అందుకే దండెం మీద వేయకూడదు. నీడలో నులక మంచం మీద పరిచాం. పూర్తిగా ఆరడానికి ఆ మర్నాడు మధ్యాహ్నమైంది.

ఇంట్లో నేను దాన్ని ప్లాస్టిక్ సంచిలో దాచేదాన్నని చెబితే, "ఊపిరాడక బూజు పట్టదూ!" అంది. ఉతికిన నూలు గుడ్డలో చుట్టాలి. ఎండు వేపాకును నేరుగా చల్లితే మరక పడుతుంది, చిన్న మూట కట్టి పక్కన పెట్టాలి. రెండు నెలలకోసారి విప్పి, మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది.

బయలుదేరేటప్పుడు చూస్తే చివరి వరస కుట్టకుండా వదిలేసి ఉంది, సూది గుచ్చి ఉంది.

"అది నువ్వు కుట్టు" అంది పెద్దమ్మ.

తిరుగు రైల్లో బొంతను ఒళ్లో పరుచుకున్నాను. వేళ్లు కింద పెట్టి, మొన తగలగానే పైకి తిప్పాను. చంద్రగిరి వచ్చేసరికి జానెడు అయింది.