రాణీగారి మీద రెండు పేజీలు

వనపర్తిలో పుట్టినవాళ్లకు రాణీగారంటే ఎవరో చెప్పక్కర్లేదు. ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లోనే నేను మూడేళ్లు చదివాను. అయినా మా మహిళా సంఘం సావనీర్‌కి కుముదినీ దేవి గురించి రెండు పేజీలు రాయమనేసరికి తెల్లమొహం వేశాను. పేరు తప్ప నాకేం తెలుసు?

ఎమ్మెల్యే సంగతి తేలిగ్గానే దొరికింది. 1962 నుంచి 1972 దాకా ఆమే వనపర్తి ఎమ్మెల్యే. ప్రతి అసెంబ్లీ ఎన్నిక మీదా ఎన్నికల సంఘం నివేదిక ఉంటుంది కాబట్టి ఒక్క సాయంత్రంలో ఆ పని అయిపోయింది.

తిప్పలన్నీ కార్పొరేషన్ దగ్గరే. అదే 1962లో ఆమె హైదరాబాద్ మేయర్ కూడా. అటు వనపర్తి ఎమ్మెల్యే, ఇటు హైదరాబాద్ మేయర్, రెండూ ఒకే ఏడాదా? ఎవరో తేదీ తప్పు రాశారనుకుని ఆ వాక్యం కొట్టేశాను. ఇంకో రెండు చోట్ల అదే కనబడ్డాక మళ్లీ రాశాను. పాత మున్సిపల్ ఎన్నికలు ఆ నివేదికల్లోకి రావు. వాటికంటూ రాష్ట్ర ఎన్నికల సంఘాలు వచ్చింది 74వ రాజ్యాంగ సవరణ తర్వాతే. ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మూడోసారి క్లర్కు, "అరవై రెండా? అప్పటికి మా నాన్నకే పెళ్లి కాలేదు మేడమ్" అన్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

మిగిలింది జీవితం. 1911 జనవరి 23న వరంగల్ వైపు పుట్టిన పింగిళి వారి ఆడపడుచు, వనపర్తి సంస్థానానికి కోడలు. ఇక్కడ సావనీర్ చూసే అక్కకీ నాకూ పేచీ వచ్చింది. "నగలు, కార్లు, ప్యాలెస్ గురించి రాయవే, జనం చదువుతారు" అంటుంది ఆవిడ. నాకేమో కూకట్‌పల్లి దగ్గరే మనసు ఆగిపోయింది. 1958లో, అంటే ఏ పదవీ రాకముందే, కుష్ఠు రోగుల కోసం అక్కడ శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. కుష్ఠు అంటే ఇంట్లోవాళ్లే గడప దాటించేసే రోజులవి. మేయర్ పదవి ఎన్నాళ్లుంటుంది చెప్పండి, ఆ కేంద్రం మాత్రం ఆమె పోయాక కూడా నడుస్తూనే ఉంది. 2009 ఆగస్టులో, 98 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

చివరికి ప్యాలెస్‌కి రెండు వాక్యాలు, కూకట్‌పల్లికి ఒక పేజీ. అక్క మూతి ముడుచుకుంది కానీ ఒప్పుకుంది.

సావనీర్ అచ్చయి వచ్చిన రోజు ఆత్రంగా తెరిచాను. హెడ్డింగ్‌లో "హైదరాబాద్ మొదటి మేయర్" అని ఉంది. "మహిళా" అన్న ముక్క ప్రెస్సులో ఎగిరిపోయింది! సాయంత్రానికి మా పెద్దమామయ్య ఫోన్: "అమ్మాయ్, ఆమెకంటే ముందు కూడా మేయర్లు ఉన్నారు కదే."