క్రోమ్ 109 కోసం వీఎం (వర్చువల్ మెషీన్) పెట్టుకుంటే గడియారం నాతో ఆడుకుంది – నా అనుభవం

ఫిక్స్ ఇప్పుడే లైవ్‌కి వెళ్లింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నా.

మా సైట్‌లో మెనూ అంతా చెదిరిపోయి ఒకదానిమీద ఒకటి పడుతోందని కొంతమంది యూజర్లు స్క్రీన్‌షాట్లు పంపుతూనే ఉన్నారు. మా లీడ్ దగ్గర అన్నిటికీ ఒకటే మందు, క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు) క్లియర్ చేసుకోమనండి అని. లాగ్స్ తీసి చూస్తే వాళ్లందరూ విండోస్ 7 మీద క్రోమ్ 109 వాడేవాళ్లే. అందులో వాళ్ల తప్పేముంది? 2023లో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7కి సపోర్ట్ తీసేశారు, ఆ మెషీన్లు 109 దగ్గరే ఆగిపోయాయి. కొత్త కంప్యూటర్ కొనలేనివాళ్లు మన సైట్ వాడకూడదా ఏంటి?

బ్రౌజర్‌లోని డెవ్‌టూల్స్‌లో యూజర్ ఏజెంట్ (నేను ఫలానా బ్రౌజర్‌ని అని చెప్పుకునే పేరు) మార్చి చూస్తే చాలు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేస్తే సర్వర్‌కి చెప్పే పేరు మారుతుంది అంతే, పేజీని గీసే ఇంజిన్ కొత్తదే. ఇలాంటి సలహాలు అస్సలు వినకండి.

అందుకే అసలు పాత బ్రౌజర్లనే వీఎంలో, అంటే మన కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్‌లో, పెట్టి చూద్దామనుకున్నా. దానికోసం వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, విండోస్ 7 ఎక్కించి, క్రోమ్ 109, ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) పెట్టడం వరకు పెద్దగా ఇబ్బంది లేదు. వీఎం నత్తనడక నడుస్తూ కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే మీ అసలు మెషీన్‌లో హైపర్-వి (విండోస్ సొంత వీఎం సదుపాయం) ఆన్‌లో ఉన్నట్టు, ఆపేయండి. మీ మెషీన్‌లో నడుస్తున్న సైట్ చూడాలని వీఎం లోపల లోకల్‌హోస్ట్ అని కొడితే అది తననే చూసుకుంటుంది, మీ మెషీన్‌ని కాదు. గెస్ట్ అడిషన్స్ (వీఎం లోపల వేసుకునే వర్చువల్‌బాక్స్ సహాయక డ్రైవర్లు) మాత్రం ఎక్కలేదు, 2019లో వచ్చిన ఎస్‌హెచ్‌ఏ-2 అప్‌డేట్ లేని విండోస్ 7 కొత్త డ్రైవర్ల సంతకాన్ని నమ్మదు. అది తర్వాత చూద్దాంలే అని బ్రౌజర్లు తెరిచి ఉండగానే స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే దాచుకునే కాపీ) తీసి పెట్టుకున్నా.

అసలు కథ ఇక్కడ మొదలైంది. కొన్నాళ్లకి స్నాప్‌షాట్ రిస్టోర్ చేసి స్టేజింగ్ సైట్ (లైవ్‌కి ముందు టెస్ట్ చేసుకునే మా సైట్ కాపీ) తెరిస్తే, మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని హెచ్చరిక పేజీ! ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే గోల. విచిత్రం ఏంటంటే మిగతా సైట్లు చాలావరకు హాయిగా తెరుచుకుంటున్నాయి, మాది మాత్రమే రావట్లేదు. సర్వర్ చూసుకునే ఆయన్ని అడిగితే, సర్టిఫికెట్ (ఇది అసలు సైటే అని బ్రౌజర్‌కి చూపే రుజువు) మొన్నే రెన్యూ అయింది, శుభ్రంగా ఉంది అని ఫోన్‌లో తెరిచి అందరికీ చూపించాడు. క్లయింట్ వాళ్లు కూడా ఉన్న కాల్ అది. వాళ్ల ముందే మా లీడ్, "ఏమ్మా, పాత విండోస్ తెచ్చి పాత బ్రౌజర్ పెట్టి సర్వర్ బాలేదంటే ఎలా, ఆ బొమ్మలాట ఆపి టికెట్లు చూడు" అన్నాడు. తల కొట్టేసినట్టైంది. తెలియకపోతే ఆగి అడగొచ్చు, నలుగురిలో మనిషిని చులకన చేయడం ఎందుకు?

ఆ రాత్రి దాని మీదే కూర్చున్నా. రూట్ సర్టిఫికెట్లు (మిగతా సర్టిఫికెట్లని నమ్మడానికి ఆధారమైనవి) పాతబడ్డాయేమో అని చూశా, టీఎల్ఎస్ 1.2 (కనెక్షన్‌ని భద్రపరిచే పద్ధతి) సంగతి చూశా, అన్నీ బానే ఉన్నాయి. చివరికి సర్టిఫికెట్ వివరాలు తెరిచి, అది ఏ తేదీ నుంచి చెల్లుతుందో చూసి, పక్కనే టాస్క్‌బార్‌లో తేదీ చూశా. వీఎం ఇంకా స్నాప్‌షాట్ తీసిన రోజులోనే ఉంది! నడుస్తున్న వీఎంని స్నాప్‌షాట్ తీస్తే దాని గడియారం కూడా అక్కడే గడ్డకడుతుంది, రిస్టోర్ అయ్యాక టైమ్ సరిచేసే పని గెస్ట్ అడిషన్స్‌ది, అవేమో లేవు. మా సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సర్టిఫికెట్ల సంస్థది, 90 రోజులే ఉంటుంది కాబట్టి గడువుకి ముందే రెన్యూ అవుతుంది, ఆ కొత్తది వీఎం లెక్కలో ఇంకా పుట్టనే లేదు. మిగతా సైట్ల సర్టిఫికెట్లు స్నాప్‌షాట్ కంటే ముందువి, అందుకే వాటికి ఏ గొడవా లేదు. సర్వర్ ఆయన మాట నిజమే, నా హెచ్చరిక పేజీ కూడా నిజమే.

తేదీ సరిచేయగానే సైట్ తెరుచుకుంది, మెనూ జబ్బు కూడా అప్పుడే దొరికింది. మావాళ్లు సీఎస్ఎస్ నెస్టింగ్ (పేజీ రూపాన్ని చెప్పే రూల్స్‌ని ఒకదానిలో ఒకటి రాయడం) వాడారు, అది క్రోమ్‌లో 112 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 117 నుంచి ఉంది. 109కి, 115కి ఆ లోపలి రూల్స్ అర్థం కాక వదిలేస్తున్నాయి. బిల్డ్‌లో లైట్నింగ్ సీఎస్ఎస్‌కి (సీఎస్ఎస్‌ని పాత బ్రౌజర్లకి తగ్గట్టు మార్చే టూల్) టార్గెట్‌గా క్రోమ్ 109 ఇస్తే నెస్టింగ్‌ని విప్పి మామూలు రూల్స్‌గా రాసిచ్చింది. టీమ్ మొత్తం క్యాష్ అంటూ కూర్చున్న బగ్‌ని నేనొక్కదాన్నే పట్టుకున్నా, ఈ మాట చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు.

మీరు పెట్టుకుంటే మాత్రం వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేశాకే స్నాప్‌షాట్ తీయండి, అప్పుడు బూట్ అయ్యేటప్పుడు టైమ్ అసలు మెషీన్ నుంచి తీసుకుంటుంది. విండోస్ 10 వీఎంలో పాత క్రోమ్ పెడితే ఆటో అప్‌డేట్ ఆపడం మర్చిపోకండి, టెస్ట్ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ వెర్షన్ నంబర్ చూసుకోండి. సఫారీకి ఈ దారి పనికిరాదు, మ్యాక్‌ఓఎస్‌ని యాపిల్ మెషీన్ల మీద తప్ప వీఎంలో నడపడానికి లైసెన్స్ ఒప్పుకోదు, దానికి ఒక మ్యాక్ సంపాదించాల్సిందే.