మెట్ల కింద బుల్లెట్

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మాది నూట ఇరవై గజాల పాత ఇల్లు. కింద మేము, పైన రెండు పోర్షన్లు అద్దెకి. గేటు తీస్తే పార్కింగ్. పదమూడడుగుల వెడల్పులో కుడి పక్క మూడడుగులు మెట్లకే పోయాయి. మిగిలిన పదడుగుల్లో ఎడమ గోడ వారగా నాన్న స్విఫ్ట్ ఉంటుంది. కారు వెడల్పు 1735 మి.మీ. గోడ వైపు జానెడు వదిలితే కారుకీ మెట్లకీ మధ్య మూడున్నర అడుగుల సందు. ఇంట్లోకి వచ్చేవాళ్ళందరూ నడవాల్సింది అందులోంచే. అక్కడ నా బుల్లెట్, అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నిలబెడితే పై పోర్షన్ పిల్లలు స్కూల్ బ్యాగులతో దాన్ని రాసుకుంటూ పోవాలి, గ్యాస్ బండ తెచ్చే అతను గేటు దగ్గరే ఆగిపోవాలి.

మెట్ల కింద మాత్రం బంగారంలాంటి ఖాళీ. ఏళ్ళ తరబడి అందులో పాత చెప్పుల స్టాండు, పెయింటు డబ్బాలు, ఎవరిదో తెలియని కూలరు. అవన్నీ తీయించాక కొలిస్తే బండి చక్కగా పడుతుంది. చిక్కల్లా లోపలికి పోయే దారి దగ్గరే. మెట్లు గేటు పక్కనే మొదలై ఇంటి వైపు ఎత్తుకి పోతాయి. కాబట్టి గేటు వైపు నుంచి నేరుగా దూర్చలేం, అక్కడ ఎత్తు చాలదు. సందులోంచి ముందుకి తెచ్చి, అక్కడి నుంచి కుడి పక్కకి మూడడుగులు జరపాలి. బండి ముందుకి పోతుంది, వెనక్కి పోతుంది. పక్కకి పోదు.

హ్యాండిల్ ఇటు తిప్పి అరడుగు ముందుకి, అటు తిప్పి అరడుగు వెనక్కి, ఇలా కొంచెం కొంచెంగా జరుపుతూ పెట్టొచ్చు. పెట్టాను కూడా. బండి 195 కిలోలు, వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, 1390 మి.మీ. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆఫీసు నుంచి వచ్చాక ఈ కసరత్తు, పొద్దున్నే మళ్ళీ తిరగబెట్టి ఇదే కసరత్తు, మధ్యలో స్విఫ్ట్ డోరుకి లెగ్ గార్డ్ ఎక్కడ తగులుతుందోనన్న టెన్షన్. సైడ్ స్టాండ్ మీద బండిని వాల్చి గుండ్రంగా తిప్పేసే వాళ్ళున్నారు, యూట్యూబ్‌లో చూడ్డానికి బాగుంటుంది. అంత బరువూ ఒక్క బోల్టు మీదా, దాని బ్రాకెట్ మీదా మోపి రోజూ తిప్పడం నాకు నచ్చదు. కాలు జారితే బండి కింద పడేది మనమే.

అలా డాలీ దగ్గరికి వచ్చాను. చక్రాలున్న చట్రం, దాని మీద బండి, ఎటు తోస్తే అటు. మార్కెట్లో ఇవి మూడు రకాలు. ఒకటి సెంటర్ స్టాండ్ కింద పెట్టే చిన్న పలక. రెండోది ఒక్క వెనక చక్రం కిందే పెట్టేది. మూడోది రెండు చక్రాలూ ఎక్కే పొడవాటిది. వెనక చక్రం డాలీతో తోక తిరుగుతుందే తప్ప ముందు చక్రం ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి నా పనికి అది దండగ. సెంటర్ స్టాండ్ పలక ఫర్వాలేదు కానీ, బండిని దాని మీదకి ఎత్తాలంటే పలక నేలకి బాగా దగ్గరగా ఉండాలి. అందుకని దానికి బుల్లి బుల్లి చక్రాలు వేస్తారు, అవి ఎగుడుదిగుడు నేల మీద ఆగిపోతాయి. పైగా కేటీఎం డ్యూక్ లాంటి బళ్ళకి సెంటర్ స్టాండే ఉండదు. నాకు మిగిలింది పొడవాటిదే.

కానీ డాలీ గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది చక్రాల సంగతి కాదు, నేల సంగతి. డాలీల వీడియోల్లో కనిపించే గ్యారేజీలు అద్దంలా నున్నగా, సమంగా ఉంటాయి. మన ఇళ్ళలో పార్కింగ్ కట్టేటప్పుడు మేస్త్రీ చేసే మొదటి పని గేటు వైపు వాటం ఇవ్వడం. వాన నీళ్ళు, కడిగిన నీళ్ళు బయటికి పోవాలి కదా. మా ఇంట్లో రసమట్టం పెట్టి చూస్తే ఇంటి గోడ నుంచి గేటు దాకా పదిహేడు అడుగుల్లో మూడంగుళాల పల్లం. కంటికి ఆనదు. బండీ డాలీ కలిపి 215 కిలోలు అనుకుంటే, ఆ వాలు దాన్ని గేటు వైపు మూడు కిలోల పైచిలుకు బలంతో లాగుతూనే ఉంటుంది. గట్టి నైలాన్ చక్రాలైతే చిన్న తోపుకే కదిలిపోతాయి. బ్రేకుల్లేని డాలీ మన పార్కింగుల్లో పెట్టకూడదు.

రెండోది బండల సందులు. మావి తాండూరు బండలు, నాన్న ఇల్లు కట్టినప్పుడు వేయించినవి. ముప్పై ఏళ్ళలో కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. రెండు బండల మధ్య మూడు మి.మీ. తేడా కాలికి తెలియదు, చిన్న చక్రానికి గోడలా తగులుతుంది. లెక్క వేసి చూశాను. నాలుగు చక్రాల మీద బరువు సమానంగా పడితే ఒక్కోదాని మీద 54 కిలోలు. ఆ మూడు మి.మీ. గట్టు ఎక్కాలంటే రెండంగుళాల చక్రాన్ని దాదాపు 29 కిలోల బలంతో నెట్టాలి. మూడంగుళాలదానికి 23, నాలుగంగుళాలదానికి 20 లోపే. అంటే చక్రం ఎంత పెద్దదైతే అంత సుఖం. కానీ పెద్ద చక్రం తిరగడానికి చుట్టూ చోటు కావాలి, డాలీ వెడల్పు పెరుగుతుంది. నేను మూడంగుళాల దగ్గర ఆగి, మెట్ల ముందున్న సందులు మాత్రం సిమెంటుతో పూడిపించి, లేచిన ఒక బండ అంచు అరగదీయించాను. పార్కింగ్ టైల్స్ వేసుకున్నవాళ్ళకి ఇంకో తిప్పలు. ఆ గళ్ళ గాడుల్లో చిన్న చక్రాలు గడగడలాడుతూ పోతాయి, రాత్రి పదింటికి వీధంతా వింటుంది.

చక్రాలు రాణిగంజ్‌లో కొన్నాను. ఇనుప సామాను కొట్టు ఏదైనా సరే, లోపలికి పోయి కాస్టర్ వీల్స్ అంటే చాలు. కౌంటర్ మీది ఆయన "ట్రాలీకా మేడమ్, సోఫాకా?" అని అడిగాడు. బుల్లెట్‌కి అన్నాను. ఒకసారి నన్ను చూసి, "లోడ్ ఎంత?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇక్కడ చాలామంది మొత్తం బరువుని నాలుగుతో భాగిస్తారు. మూడుతో భాగించాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒక చక్రం గాల్లో ఉంటుంది, బరువంతా మిగిలిన మూడిటి మీదే పడుతుంది. 215ని మూడుతో భాగిస్తే 72. చేతిలో కొంత మిగులు ఉండాలని వంద కిలోల పైన మోసేవి తీసుకున్నాను. రబ్బరు వద్దనుకున్నా. బరువు మీద నిలబడి నిలబడి ఒక పక్క అణిగిపోతుంది, బండల మీద నల్ల మచ్చలు వేస్తుంది. ఆ మచ్చలు అమ్మ కంట పడితే బండీ డాలీ రెండూ వీధిలోకే. నైలాన్ తేలిగ్గా దొర్లుతుంది గానీ మోత. పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) చక్రాలు ఈ రెండిటికీ మధ్యస్తంగా ఉంటాయి. నాలుగూ అన్ని వైపులా తిరిగేవే, నాలుగిటికీ కాలితో నొక్కే బ్రేకులు.

కవాడిగూడ వైపు కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో చట్రం చేయించాను. నాలుగు మి.మీ. రేకు, అడుగు భాగం వెడల్పు 140 మి.మీ., రెండు పక్కలా 40 మి.మీ. పైకి మడిచిన గాడి, పొడవు ఆరడుగులు. వెనక టైరు వెడల్పు 120 కాబట్టి అటూ ఇటూ కొంచెం వదులు. చక్రాలు గాడి కింద రాకూడదు. వస్తే బండిని నాలుగంగుళాలు ఎక్కించాలి. పక్కలకి చేతుల్లా చదరపు పైపులు తీసి వాటి చివర్లకి చక్రాలు బిగిస్తే గాడి నేలకి వేలెడు ఎత్తులో వేలాడుతుంది, బండి ర్యాంపు లేకుండానే ఎక్కేస్తుంది. వెల్డర్ అన్న ఆరు చక్రాలు వేద్దామన్నాడు. "స్ట్రాంగ్ ఉంటది మేడమ్." స్ట్రాంగ్ సంగతేమో గానీ, ఎగుడు నేల మీద మధ్య చక్రాలు ఎత్తుగా ఉన్న బండ ఎక్కితే డాలీ ఊయలలా ఊగుతుంది. నాలుగే చాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు గానీ చేసిచ్చాడు. కూలీతో సహా అంతా కలిపి నాలుగు వేల చిల్లర.

డాలీలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఎవరూ పట్టించుకోనిది. సైడ్ స్టాండ్ కింద పలక. గాడికి ఎడమ పక్కన వెల్డ్ చేసిన చెయ్యంత పలక అది. బండి అందులోకి ఎక్కాక స్టాండ్ దాని మీదే దిగాలి. దాని ఎత్తు గాడి అడుగుతో సరిగ్గా సమంగా ఉండాలి. కిందికి ఉంటే బండి ఎక్కువ వాలిపోతుంది. పైకి ఉంటే ఇంకా ప్రమాదం, బండి దాదాపు నిటారుగా నిలబడి కుడి పక్కకి ఒరిగే ఛాన్స్ ఉంది. అందుకని ముందు పలక వెల్డ్ చేయనివ్వలేదు. బండిని షాపుకే తీసుకెళ్ళి, గాడిలోకి ఎక్కించి, నేను సీటు మీద కూర్చుని ఉండగా స్టాండ్ దిగిన చోట సుద్దతో గీత గీయించాను. పలక చుట్టూ సన్నటి అంచు కూడా పెట్టించాను, స్టాండ్ కాలు జారకుండా. బరువు ఎడమకే వాలుతుంది కాబట్టి చక్రాలు బిగించిన పైపుల్లో ఎడమవి కుడివాటి కన్నా కొంచెం పొడుగు.

ఇప్పుడు పద్ధతి ఇది. డాలీ సందులో, బ్రేకులు నాలుగూ నొక్కి. బండి ఎక్కించి, ముందు టైరు గాడి చివరి అడ్డుకి ఆనాక ఫస్ట్ గేర్ వేసి స్టాండ్ దించుతాను. పాత సైకిల్ ట్యూబు ముక్కతో ముందు బ్రేక్ లివర్‌ని హ్యాండిల్‌కి బిగించి కడతాను. అప్పుడు బ్రేకులు వదిలి కుడి వైపు తోస్తాను. తోసేది హ్యాండిల్ పట్టుకుని కాదు, వీలైనంత కింద, ఫ్రేము దగ్గర. సైలెన్సర్ వైపు చెయ్యి పోనివ్వొద్దు. నేను కుడికి తోస్తుంటే వాలు గేటు వైపు లాగుతుంది, కాబట్టి బండి వెనక పక్క మోకాలు అడ్డం పెడతాను. ఇంకొకటి, దిశ మార్చినప్పుడల్లా నాలుగు చక్రాలూ తమ చుట్టూ తాము తిరుగుతాయి, ఆ క్షణంలో డాలీ అంగుళం రెండంగుళాలు అనుకోని వైపుకి జరుగుతుంది. కారుకి ఆ మాత్రం దూరం ముందే వదిలి పెట్టుకోవాలి. మెట్ల కిందికి చేరాక బ్రేకులు, గేటు వైపు చక్రాలకి చెక్క ముక్కలు. కుడి పక్క గోడ, ఎడమ పక్క స్టాండ్. రెండు నిమిషాల పని.

దీనివల్ల ఇంట్లో ఎక్కువ సుఖపడింది నాన్న. మా సంపు మూత సరిగ్గా మెట్ల కిందే ఉంది. మాకు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చే టైం కూడా ఒక పద్ధతిలో ఉండదు. ఇంతకుముందు "అమ్మా, నీళ్ళొచ్చాయి, బండి తియ్యి" అని నన్ను నిద్ర లేపేవారు. ఇప్పుడు ఆయనే బ్రేకులు వదిలి, బండిని సందులోకి లాగి, మూత తీసి చూసుకుంటారు. ఒక్క జాగ్రత్త తప్పదు. మూత రాతి పలకైతే, దాని మీద డాలీ చక్రం ఆపకూడదు. 54 కిలోలు బొటనవేలంత చోట రోజంతా నిలబడితే పాత పలకలు బీటలు వారతాయి. మూతకి అటూ ఇటూ చక్రాలు వచ్చేలా నేల మీద పెయింటుతో గుర్తులు పెట్టాం.

పై పోర్షన్ ఆంటీ తన యాక్టివాకి కూడా ఒకటి చేయించమని అడుగుతున్నారు. అక్కర్లేదని చెప్పాను. అది వంద కిలోల పైచిలుకు, సెంటర్ స్టాండ్ ఉంది. స్టాండ్ వేసి, వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే తిరుగుతుంది. ఆ డబ్బుతో మంచి కవర్ కొనుక్కోమన్నాను, పావురాలు ఆమె సీటునే ఎంచుకున్నాయి.